శుక్రవారం అంటే శుక్రవారమే

"శుక్రవారం అని రాస్తే అది నిజంగా శుక్రవారమే అని వాడికెలా తెలుస్తుంది, మార్నీ?"

మా ఆయన కర్టిస్ ఈ మాట అన్నప్పుడు నేను పాన్‌కేక్ ట్రే గోకుతున్నాను. శనివారం పొద్దున మా ఇంట్లో ఓవెన్‌లో కాల్చిన పాన్‌కేక్ ఉండి తీరాలి. మా అత్తగారి వైపు ఫిన్లాండ్ వాళ్ళు, అది వాళ్ళ ఆనవాయితీ. తినడం పది నిమిషాలు. అంచుల్లో మాడింది గోకడం అరగంట. గోకడం మాత్రం నా పుట్టింటి ఆనవాయితీ అయ్యుంటుంది, నేను తప్ప ఇంకెవరూ ఆ ట్రే ముట్టుకోరు.

మాట అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాను. ఈసారి నిదానంగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. అయినా అర్థం కాలేదు. అర్థం కాకపోవడం నా లోపమేమో అని ఒక్క క్షణం అనుకున్నాను కూడా. పద్దెనిమిదేళ్ళ కాపురంలో అది అలవాటైపోయింది.

జరిగింది ఇది. మా వాడు బ్రోడీకి పదహారేళ్ళు, పదకొండో తరగతి. కెమిస్ట్రీలో పెద్ద రిపోర్టు ఒకటి ఉంది. స్కూలు వెనక వాగులో మూడు వారాలు నీళ్ళు పట్టి, పరీక్షలు చేసి, లెక్కలు కట్టి రాయాలి. అది ఇవ్వకపోతే కెమిస్ట్రీ పోతుంది. కెమిస్ట్రీ పోతే సెప్టెంబరులో నీళ్ళ ప్లాంటులో వాడికి వచ్చిన శిక్షణ సీటు పోతుంది. సగం రోజు చదువు, సగం రోజు పని, ఆ పనికి మార్కులు. వాడు జీవితంలో మొదటిసారి తనంతట తాను కావాలని అడిగింది ఆ సీటే.

మా ఊరు థండర్ బేలో, పిల్లల హైస్కూల్లో ప్రతి పనికీ రెండు తేదీలుంటాయి. ఒకటి ఇవ్వాల్సిన తేదీ. రెండోది మూసేసే తేదీ. మొదటిది దాటినా కొంప మునగదు, రెండోదాని దాకా తీసుకుంటారు. పిల్లల మీద ఒత్తిడి తగ్గించడానికట. ఆ రెండిటి మధ్య ఉన్న వారం రోజులూ పిల్లలు ఆ పని మొహం కూడా చూడరు. ఒత్తిడి ఎక్కడికీ పోలేదు, ఇల్లు మారిందంతే. నా ఫోన్లోకి వచ్చి కూర్చుంది. 'మీ బిడ్డ ఇంకా ఇవ్వలేదు.' 'మీ బిడ్డ ఇంకా ఇవ్వలేదు.' ఏ బిడ్డ, ఏ సబ్జెక్టు, ఎన్నోసారి, అన్నీ నేను చూసుకోవాలి. స్కూలు ఫారంలో కర్టిస్ ఈమెయిలు కూడా ఇచ్చాం. మొదటి వారంలోనే అతను ఆ మెయిళ్ళు తనకి రాకుండా నొక్కేశాడు. "ఇద్దరికీ ఎందుకు? నీకు వస్తున్నాయి కదా" అన్నాడు. నిజమే కదా అనుకున్నాను. ఇప్పుడు తల్చుకుంటే అందులో ఏది నిజమో తెలియడం లేదు.

అందుకని నేను మూడో తేదీ ఒకటి కనిపెట్టాను. నేను పళ్ళ డాక్టరు దగ్గర ముందు కౌంటర్లో పనిచేస్తాను. రోజుకి నలభై మందికి ఫోన్ చేసి రేపు మీ అపాయింట్‌మెంటు అని గుర్తుచేయడం నా ఉద్యోగం. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే వాళ్ళకి అసలు టైము కన్నా పావుగంట ముందు టైము చెప్తాం. వాళ్ళు సరిగ్గా వస్తారు, మాకు థ్యాంక్స్ కూడా చెప్తారు. ఆ తెలివే ఇంటికి తెచ్చాను. ఫ్రిజ్ మీద తెల్లబోర్డు పెట్టి, మూసేసే తేదీకి రెండు రోజులు ముందు తేదీ రాయడం మొదలుపెట్టాను. ఆదివారం మూస్తారంటే శుక్రవారం అని రాస్తాను. రెండేళ్ళు పనిచేసింది.

పనిచేస్తోందనుకున్నాను. బ్రోడీకి పోయిన చలికాలంలోనే తెలిసిపోయిందట. వాడు నాతో అనలేదు. అమ్మ రాసిన తేదీకి రెండు కలుపుకోవడం నేర్చుకున్నాడు. నేను తీసేస్తున్నాను, వాడు కలుపుతున్నాడు, అసలు తేదీ మధ్యలో క్షేమంగా కూర్చుంది.

ఆ వారం క్లినిక్‌లో కంప్యూటర్లు మార్చారు. పాత పేషెంట్ల పేర్లన్నీ చేత్తో ఎక్కించాలి, పక్కనున్న అమ్మాయి సెలవు. సోమవారం ఇంటికి వచ్చి, కోటు కూడా విప్పకుండా, ఫోన్లో ఉన్నది ఉన్నట్టు బోర్డు మీదకి ఎత్తి రాశాను. శుక్రవారం, నాలుగు గంటలు. అదే అసలు మూసేసే తేదీ. రెండు రోజులు తీసేయలేదు. సూటిగా చెప్తున్నాను, అబద్ధం ఆడటం మర్చిపోయాను.

వాడు రెండు కలుపుకుని ఆదివారం అనుకున్నాడు. శనివారం పొద్దున రిపోర్టు పంపుదామని లాప్‌టాప్ తెరిస్తే మూసేసి ఉంది.

"నేను రాసింది కరెక్ట్ తేదీ" అన్నాను, పీచు చేతిలో పట్టుకునే.

"అదే కదా సమస్య" అన్నాడు బ్రోడీ. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మొండితనం కాదు, భయం. "ఎప్పుడూ తప్పు రాస్తావు. ఈసారి కరెక్ట్ రాస్తున్నానని చెప్పాలి కదమ్మా!"

"వాడన్న దాంట్లో అర్థం ఉంది" అన్నాడు కర్టిస్. "ఒక పద్ధతి పెట్టావు. పద్ధతి మార్చినప్పుడు చెప్పాలి. మా మిల్లులో ఒక మీట మారిస్తే షిఫ్టు మొత్తానికి చెప్తాం."

"నీ ఫోన్లో అసలు తేదీ ఉంది కదరా" అన్నాను బ్రోడీతో.

"ఆ స్కూలు యాప్ తీసేశాను. నువ్వు చూస్తావు కదా."

మా అమ్మాయి టెస్సా బల్ల దగ్గర కూర్చుని పాన్‌కేక్ ముక్కని ఫోర్కుతో పక్కకి నెడుతోంది. పద్నాలుగేళ్ళు, తొమ్మిదో తరగతి. అది ఎప్పుడూ ఏమీ అనదు.

కర్టిస్ పరిష్కారం కూడా తనే చెప్పాడు. పరిష్కారాలు చెప్పడంలో అతను చాలా చురుకు. కెమిస్ట్రీ సారు మిస్టర్ బెలాంజే మంచివాడు, ఇంట్లో ఏదైనా ఇబ్బంది వచ్చిందని తల్లి గానీ తండ్రి గానీ రాస్తే సోమవారం దాకా మళ్ళీ తెరుస్తాడు. "ఒక మెయిలు పెట్టు. తేదీ నువ్వు తప్పు రాశావని రాయి. చిన్న విషయం."

"నేను తప్పు రాయలేదు."

"నాకు తెలుసు. కానీ ఆయనకి ఇదంతా ఎలా చెప్తావు? అమ్మ నిజం రాసింది, వీడు అబద్ధం అనుకున్నాడు అని రాస్తావా? నవ్విపోతాడు."

"నువ్వు రాయి, నువ్వు తప్పు రాశావని."

నవ్వాడు. ఎగతాళి కాదు, నిజంగానే నవ్వొచ్చింది అతనికి. "నేనంటే ఎవరు నమ్ముతారు, మార్నీ? బోర్డు మొహం నేనెప్పుడైనా చూశానా?"

కర్టిస్ చెడ్డవాడు కాదు. అక్కడే నాకు తికమక. చెడ్డవాడైతే నా పని సులువయ్యేది. మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు పద్దెనిమిది రోజులు రోజూ వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు. మంచు పడితే నేను లేవకముందే నా కారు మీద మంచు గీకి పెడతాడు. చెయ్యమన్నది చేస్తాడు. చెయ్యమనడం ఎవరి పనో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు. ట్రే కడిగి బోర్లించి, ఇంతకీ తప్పెవరిదని మొదటి నుంచి లెక్క వేసుకున్నాను. వాడు యాప్ తీసేశాడు, కానీ నేను ఉన్నానని తీసేశాడు. నేను అబద్ధం రాశాను, కానీ వాడు ఆలస్యం చేస్తాడని రాశాను. స్కూలు రెండు తేదీలు పెట్టింది, పిల్లలు నలిగిపోతున్నారని పెట్టింది. నలిగిపోవడమూ నిజమే, నాలుగు సబ్జెక్టుల్లో నాలుగు పెద్ద పనులు ఒకే వారం వస్తాయి, ఒక టీచరుకి ఇంకో టీచరు ఏం ఇచ్చాడో తెలియదు. ఎటు తిప్పినా వచ్చి నా దగ్గరే ఆగింది. అంటే నాదేనా? లేక చివర నిలబడ్డ దానిమీద పడటం మామూలేనా?

ఆదివారం మా అత్తగారు ఇర్యా కాఫీకి వచ్చింది. ఏలకుల రొట్టె తెచ్చింది. పిల్లలు ఆమెని ముమ్మో అంటారు, వాళ్ళ భాషలో నానమ్మ. కర్టిస్ జరిగిందంతా చెప్పాడు, సరదా కథ చెప్పినట్టు.

"నేను నలుగురిని పెంచాను, ఒక్కడి హోంవర్కు మొహం చూడలేదు" అంది. "నలుగురూ బతికే ఉన్నారు."

"అప్పుడు ఫోన్లు లేవు, ఇర్యా."

"ఫోన్లు లేవు, తిట్లు ఉండేవి. అదలా ఉంచు. తల్లివై ఉండి అబద్ధపు తేదీలు రాయడమేంటి? పిల్లలు నిన్నెలా నమ్ముతారు?"

ఆ మాట గుచ్చుకుంది. ఎందుకంటే అది నిజం. సరే, కనీసం ఈమెకైనా అర్థమైంది, పద్ధతే తప్పు అంటోంది అని ఊపిరి పీల్చుకున్నాను. రెండో ముక్క రొట్టె తుంచి కాఫీలో ముంచుతూ అంది, "ఇంతకీ ఆ మెయిలు రాశావా లేదా? తప్పు నాదే అని రెండు ముక్కలు రాస్తే నీ చెయ్యేం అరిగిపోదు. తల్లివి కదా."

తల్లివై ఉండి అబద్ధమేంటి. తల్లివి కదా, అబద్ధం రాయి. మధ్యలో ఒక రొట్టె ముక్క. ఆమెకి అందులో తేడా ఏమీ కనపడలేదు. కర్టిస్‌కీ కనపడలేదు. నాకు కనపడిందా అంటే, కనపడింది కానీ ఎలా చెప్పాలో తెలియలేదు. "కాఫీ ఇంకొంచెం పోయనా?" అన్నాను. నా నోటికి అదొక్కటే సిద్ధంగా ఉంటుంది.

సోమవారం క్లినిక్‌కి వెళ్ళేటప్పటికే నిర్ణయం అయిపోయింది. రాసేస్తాను. సీటు వాడికి కావాలి. నా పేరుకి ఒక తప్పు అంటితే ఏమవుతుంది, ఎవరు చూస్తారు? పొద్దున తొమ్మిదికి ఫోన్ మోగింది, కర్టిస్. "పంపావా?" మా డాక్టర్ లాసన్ అటుగా పోతూ ఆగాడు. "ఇంటి గోల ఇంట్లో వదిలి రావాలి, మార్నీ" అన్నాడు నవ్వుతూనే. పది నిమిషాల తర్వాత మళ్ళీ వచ్చి, "మా ఆవిడ పుట్టినరోజు ఈ వారమేనా, వచ్చే వారమా?" అని అడిగాడు. ఈ వారమే అన్నాను. "నువ్వుండగా నాకు బుర్ర అక్కర్లేదు" అన్నాడు. అది మెప్పు. పదకొండేళ్ళుగా ఆ మెప్పు తీసుకుంటున్నాను. ఆయన ఇంటి గోల క్లినిక్‌కి రావచ్చు, నాది రాకూడదు. అయినా నవ్వాను.

మధ్యాహ్నం భోజనం వేళ కారులో కూర్చుని మెయిలు తెరిచాను, రాద్దామని. పంపకుండా ఆపిన మెయిలు ఒకటి అప్పటికే ఉంది. నేను రాయలేదు. నా పేరు మీద ఉంది.

'ప్రియమైన మిస్టర్ బెలాంజే, మీకు శ్రమ ఇస్తున్నందుకు ముందుగా క్షమించండి. బ్రోడీ రిపోర్టు విషయంలో తప్పు పూర్తిగా నాది. ఈమధ్య పనిలో చాలా అలసిపోయి తేదీ తప్పుగా రాశాను. వాడు చాలా కష్టపడ్డాడు. దయచేసి నా పొరపాటుకి వాడిని శిక్షించకండి. వీలైతే ఈ రోజు సాయంత్రం దాకా తెరిస్తే జీవితాంతం గుర్తుంచుకుంటాను. మీ సమయం తీసుకున్నందుకు మళ్ళీ క్షమించండి. మీరు బిజీ అని తెలుసు, జవాబు ఇవ్వకపోయినా అర్థం చేసుకుంటాను. మార్నీ లెహ్తో.'

రెండుసార్లు చదివాను. మొదటిసారి, నేనే రాసి మర్చిపోయానేమో అనుకున్నాను. నిజంగా. అది నా గొంతే. ఆ 'ముందుగా క్షమించండి' నాది. ఆ 'జవాబు ఇవ్వకపోయినా అర్థం చేసుకుంటాను' నాదే, నేను అందరికీ అలాగే రాస్తాను, పైపులు బాగుచేసేవాడికి కూడా. నా పాస్‌వర్డ్ ఇంట్లో ఒక్కరికే తెలుసు. నేను డ్రైవ్ చేస్తున్నప్పుడు స్కూలు మెయిళ్ళు చదివి వినిపించేది టెస్సానే.

సాండ్‌విచ్ తినలేదు. టెస్సాకి ఈ వారం ఏం పనులున్నాయి అని గుర్తుచేసుకోబోయాను. రాలేదు. ఒక్కటి కూడా రాలేదు. రెండేళ్ళ నుంచి ఫ్రిజ్ మీద ఉన్నవన్నీ బ్రోడీ తేదీలే. టెస్సావి ఎప్పుడూ రాయలేదు. రాయాల్సిన అవసరం రాలేదు. అది తనే చూసుకుంటుంది, దానితో నాకు ఏ బాధా లేదు అని ఊరంతా గొప్పగా చెప్పుకున్నాను. అది చూసుకుంటున్నది తనవి మాత్రమే కాదని నాకు తెలియలేదు. తెలియలేదా? తెలిసి హాయిగా ఉందా?

సోమవారాలు నాకు మూడింటికి విడుదల. ఇంటికి వెళ్ళేసరికి టెస్సా వంటగదిలో బల్ల దగ్గర ఉంది. బ్రోడీ లోపల సోఫాలో.

ఫోన్ దాని ముందు పెట్టాను. "ఇది నువ్వు రాశావా?"

మొహం మాడిపోయింది. "పంపలేదమ్మా. నువ్వు చూశాక పంపుదామని."

"నాన్న రాయమన్నాడా?"

"లేదు."

"బ్రోడీ?"

"వాడికి తెలియదు. ఎవరూ చెప్పలేదు."

"మరి ఎందుకు రాశావు?"

నేను చాలా తేలిక ప్రశ్న అడిగినట్టు చూసింది. "ఎవరో ఒకరు రాయాలి కదా" అంది.

పద్నాలుగేళ్ళు. ఇంట్లో నలుగురున్నాం. 'ఎవరో ఒకరు' అంటే ఎవరో దానికి ఎవరూ చెప్పలేదు, అయినా దానికి తెలుసు. ఎలా తెలుసు? నేను ట్రే గోకుతుంటే చూసింది. "కాఫీ ఇంకొంచెం పోయనా" అంటుంటే చూసింది. రెండేళ్ళు బ్రోడీ కోసం నేను రెండేసి రోజులు తీసేస్తుంటే చూసింది. వాడేమో కలుపుకోవడం నేర్చుకున్నాడు. అది క్షమించండి అని రాయడం నేర్చుకుంది. ఒకే వంటగది, ఒకే తల్లి.

మెయిలు తుడిచేశాను. దాని కళ్ళెదురుగానే.

"అమ్మా! ఐదింటికి ఆయన వెళ్ళిపోతాడు!"

"తెలుసు."

సోఫా దగ్గరికి వెళ్ళాను. "బ్రోడీ, మీ సారు సోమవారాలు ఐదు దాకా ల్యాబ్‌లో ఉంటాడు. స్కూలు ఇరవై నిమిషాల నడక."

లేచి కూర్చున్నాడు. "మెయిలు పంపలేదా?"

"లేదు. పంపను."

"నేను వెళ్ళి ఏం చెప్పాలి?"

"నాకు తెలియదు."

నిజంగానే తెలియదు. వాడు నా మొహంలోకి చూస్తున్నాడు, ఎప్పటిలాగా అక్కడ వాక్యం తయారుగా ఉంటుందని. లేదు.

"నువ్వు తేదీ తప్పు రాశావని చెప్పనా?"

"శుక్రవారం అని రాశాను. అది శుక్రవారమే. మిగతాది నీ ఇష్టం, ఏం చెప్పుకుంటావో చెప్పుకో."

"పోతుందమ్మా, సీటు! నీకు అర్థమవుతోందా?"

"అవుతోంది" అన్నాను. "ఇంకొకటి. నేను రెండేళ్ళు తప్పు తేదీలు రాశాను. అది చేసుండాల్సింది కాదు. అది నా తప్పు, అది ఒప్పుకుంటాను. ఇక రాయను. తప్పువీ రాయను, కరెక్టువీ రాయను."

బ్యాగు లాక్కుని వెళ్ళాడు. తలుపు ఎంత గట్టిగా వేశాడంటే కిటికీ అద్దం అదిరింది. రెండు నిమిషాలకి కర్టిస్ ఫోన్, వాడు దారిలోనే తండ్రికి చెప్పాడన్నమాట.

"మార్నీ, నీకేమైంది? ఒక్క మెయిలు! వాడి సంవత్సరం పోతుంది, నీ పంతం కోసం!"

"పంతమో కాదో నాకూ తెలియడం లేదు, కర్టిస్."

"మరి తెలియకుండా ఎందుకు చేస్తున్నావు?"

"ఇన్నేళ్ళు చేసినవి తెలిసే చేశానా? నీకు అంత అవసరమైతే నువ్వు రాయి. వాళ్ళ నాన్నవి కదా."

అవతల మిల్లు హోరు వినిపించింది. "ఆయన ఈమెయిలు ఏంటో నాకు తెలియదు" అన్నాడు చివరికి. గొంతులో కోపం సగం తగ్గింది.

"స్కూలుకి ఫోన్ చేసి అడుగు" అని పెట్టేశాను.

తర్వాత చేయడానికి ఏమీ లేదు. అంత కష్టమైన గంట నేనెప్పుడూ గడపలేదు. ఫోన్ చేతిలోకి తీసుకోవడం, కింద పెట్టడం. బెలాంజే గారికి ఒక్క ముక్క, వాడు వస్తున్నాడు, కొంచెం దయ చూడండి అని, ఆ ఒక్క ముక్క రాస్తే ఏం పోయింది? వాడు ఏడిస్తే? మొండిగా మాట్లాడితే? ఆయన కుదరదంటే, సెప్టెంబరులో వాడి మొహం చూసినప్పుడల్లా ఈ సోమవారమే గుర్తొస్తే? వాడి జీవితంతో నేను పాఠం చెప్తున్నానా? ఏ తల్లయినా చేస్తుందా ఇలా? చేయకపోతే ఈ పిల్ల సంగతేంటి, ముప్పై ఏళ్ళ తర్వాత ఎవరి ట్రే గోకుతూ ఉంటుంది? ఇద్దరూ నా పిల్లలే. ఒకరికి మేలు చేస్తే ఇంకొకరికి కీడయ్యేలా ఈ ఇల్లు ఎప్పుడు తయారైంది, నేను ఎక్కడున్నాను అప్పుడు?

టెస్సా ఎదురుగా కూర్చుంది. దాని చూపు కూడా ఫోన్ మీదే.

"నీకు ఈ వారం ఏమున్నాయి?" అన్నాను.

"బ్రోడీకి గురువారం ఇంగ్లీషు వ్యాసం, తర్వాత..."

"నీకు."

ఆగింది. "హిస్టరీ ఒకటి ఉండింది. మూసేసినట్టున్నారు" అంది, ఇంకెవరి సంగతో చెప్తున్నట్టు.

క్షమించు అనబోయి ఆగాను, ఆ మాట ఈ ఇంట్లో చాలా అరిగిపోయింది. చెయ్యి చాపాను. దాని చెయ్యి చల్లగా ఉంది. అలాగే కూర్చున్నాం.

ఐదున్నరకి తలుపు తెరుచుకుంది. బూట్లు విప్పిన చప్పుడు. బ్యాగు నేల మీద పడిన చప్పుడు. ఆ చప్పుళ్ళని బట్టి ఏం జరిగిందో చెప్పగలనని ఎప్పుడూ అనుకునేదాన్ని. ఈసారి చెప్పలేకపోయాను. వాడు లోపలికి రాలేదు, వసారాలోనే నిలబడి ఉన్నాడు, ఎవరైనా వచ్చి అడుగుతారని.

టెస్సా లేవబోయింది. చెయ్యి వదల్లేదు నేను.

"కూర్చో" అన్నాను.